లారీ కాగితాలు ఇంట్లో ఎవరు చదవాలి?

మన రోడ్డు – మన లారీలు

గోస్పాడు నంద్యాలకు దగ్గరి ఊరు. మండల కేంద్రం. ఈ పక్కన వరి మళ్లు ఎక్కువ. పండిన పంట ఊళ్లోనే ఉండిపోదు. మిల్లుకు పోతుంది. మిల్లు నుంచి దూరపు ఊళ్లకు పోతుంది. దానిని మోసేది లారీ.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పెద్ద రోడ్డు ఉంది. అది జాతీయ రహదారి. దాని నంబరు 40. పాత నంబరు 18. కర్నూలు నుంచి వచ్చే ఈ రోడ్డు నంద్యాల, శిరివెళ్ల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడపకు పోతుంది. అక్కడి నుంచి చిత్తూరు వైపుకు సాగుతుంది.

ఈ రోడ్డు మీద రాత్రీ పగలూ లారీలే. నంద్యాల బియ్యం పోతుంది. బేతంచెర్ల, బనగానపల్లె నాపరాళ్లు పోతాయి. సిమెంటు బస్తాలు పోతాయి. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన రాతి విగ్రహాలు పోతాయి.

ప్రతి లారీలో ఒక డ్రైవరు ఉంటాడు. కొన్నింటిలో కిలీనరు కూడా ఉంటాడు. ప్రతి డ్రైవరుకూ ఒక ఇల్లు ఉంటుంది. ఆ ఇంట్లో తల్లి ఉంటుంది. భార్య ఉంటుంది. పిల్లలు ఉంటారు. లారీ నడిస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

డ్రైవరు పది రోజులకో పదిహేను రోజులకో ఇంటికి వస్తాడు. ఒక పూట నిద్రపోతాడు. మళ్లీ లోడు. మళ్లీ రోడ్డు. కాగితాలు చూసుకొనే తీరిక అతనికి ఉండదు. మరి ఇంట్లో ఎవరు చూడాలి?

అత్తా కోడలి మాట

ఒక డ్రైవరు ఇల్లు అనుకుందాం. కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. మధ్యాహ్నం పూట ఒక ప్లాస్టిక్ సంచీ ముందు వేసుకొని కూర్చుంది. అత్త చూసింది.

"ఏందమ్మా, ఆ కాగితాలన్నీ పరిచినావు? ఒకటి పోతే వాడు వచ్చి అరుస్తాడు."

"ఏం అరవడులే అత్తా. ఆయనే ఇచ్చిపోయినాడు. ఇదో, ఈ లైసెన్సు చూడు. ఈ నెలాఖరుకు గడువు అయిపోతాది."

"అయిపోతే ఏమైతాది? ఇరవై ఏండ్ల నుంచి తోల్తానే ఉండాడు కదా. బండి తోలేది చేతులు. కాగితం కాదు."

"బండి తోలేది చేతులే అత్తా. కానీ రేపు ఏదన్నా జరిగితే ఇంటిని నిలబెట్టేది కాగితమే."

అత్త మాట్లాడలేదు. పక్కన కూర్చుంది. "సరే, చదువు. నేనూ వింటా" అంది.

కోడలు చెప్పింది నిజమేనా? చూద్దాం.

ఏ కాగితం? ఎంత గడువు?

లారీకి సంబంధించి ముఖ్యమైన కాగితాలు ఇవి.

1. లైసెన్సు. ఇది డ్రైవరు పేరు మీద ఉంటుంది. లారీ నడిపే లైసెన్సు 5 ఏండ్లు చెల్లుతుంది. గడువు తీరటానికి ఒక ఏడాది ముందు నుంచే కొత్త గడువుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వెనుక గడువు అయిపోయిన తరువాత కూడా 30 రోజులు లైసెన్సు చెల్లేది. 2019లో చట్టాన్ని సవరించారు. ఆ 30 రోజులు తీసేశారు. ఆ సవరణతో గడువు తీరిన మరునాడే లైసెన్సు చెల్లకుండా పోయింది.

2. ఆర్.సి. బండి ఎవరి పేరున ఉందో చెప్పే కాగితం ఇది.

3. ఇన్సూరెన్సు, అంటే బీమా. మామూలుగా ఏటా కట్టాలి.

4. ఎఫ్.సి. బండి రోడ్డు మీద తిరగటానికి పనికి వస్తుందని ఇచ్చే కాగితం ఇది. కొత్త లారీకి మొదట 2 ఏండ్లకు ఇస్తారు. బండికి 8 ఏండ్లు వచ్చే వరకు 2 ఏండ్లకు ఒకసారి ఎఫ్.సి. చేయించాలి. తరువాత ఏటా చేయించాలి.

5. పర్మిట్టు. ఏ రాష్ట్రంలో తిరగవచ్చో ఇది చెబుతుంది.

6. పొల్యూషన్ కాగితం. బండి పొగ సరిగా ఉందని చెప్పే కాగితం ఇది. బండిని బట్టి 6 నెలలు లేదా ఒక ఏడాది చెల్లుతుంది.

ఇవి కాక బండికి పన్ను కట్టిన రసీదు కూడా ఉండాలి.

వీటిలో లైసెన్సు డ్రైవరు బాధ్యత. మిగిలినవి ఓనరు బాధ్యత. కానీ రోడ్డు మీద బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి ఆపితే ముందు మాట పడేది డ్రైవరే. అందుకే ఓనరు కాగితాల తేదీలు కూడా డ్రైవరు ఇంట్లో తెలిసి ఉండాలి.

కాగితం తడిసినా పోయినా భయపడనక్కర లేదు. 2018 నుంచి డిజిలాకర్, ఎం పరివాహన్ అనే వాటిలో ఫోనులో చూపించే కాగితాలు కూడా చెల్లుతాయి.

లైసెన్సు గురించి ఇంకో మాట. లారీ లైసెన్సు కావాలంటే వెనుక 8వ తరగతి చదివి ఉండాలనే నియమం ఉండేది. 2019లో దానిని తీసేశారు. బడికి పోని వారికి కూడా ఇప్పుడు లైసెన్సు వస్తుంది. నియమం పోయింది. చదివే అవసరం పోలేదు. రోడ్డు పక్క బోర్డు చదవాలి. లోడు కాగితం చదవాలి. ఓనరు సంతకం పెట్టమన్న కాగితం అన్నిటికంటే ముందు చదవాలి.

చిన్న బండి నడిపే వారికి 2024లో ఒక మంచి తీర్పు వచ్చింది. కారు లైసెన్సు ఉన్నవారు బరువు బండి నడపవచ్చా, లేదా అని చాలా ఏండ్లు తగవు నడిచింది. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు తేల్చింది. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బండిని ఆ లైసెన్సుతోనే నడపవచ్చు. పెద్ద లారీకి మాత్రం ఆ లైసెన్సు చాలదు.

నిద్ర లేని చక్రం

లారీకి డీజిలు పోస్తారు. టైర్లకు గాలి పడతారు. డ్రైవరుకు కావలసింది నిద్ర. అది మాత్రం ఎవరూ లెక్క పెట్టరు.

ఒక లెక్క చేద్దాం. లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. 60 కిలోమీటర్లంటే 60,000 మీటర్లు. గంటకు 3,600 సెకండ్లు. భాగిస్తే సెకండుకు సుమారు 17 మీటర్లు. డ్రైవరుకు 3 సెకండ్లు కన్ను మూత పడిందనుకోండి. లారీ 50 మీటర్లు పోతుంది. అంటే మనం నడిచే సుమారు 70 అంగలు. అంత దూరం లారీ కళ్లు లేకుండా పోయినట్లే.

అర్ధరాత్రి దాటాక తెల్లవారే దాకా మనిషి ఒంటికి నిద్ర వేళ. ఎంత ధైర్యం ఉన్నవాడికైనా అప్పుడు కన్ను లాగుతుంది. టీ తాగితే కొంచెం సేపు ఆగుతుంది. ముఖం కడిగితే కొంచెం సేపు ఆగుతుంది. నిద్రకు మందు నిద్రే. డాబా దగ్గర బండి ఆపి 20 నిమిషాలు కునుకు తీస్తే కొంత మేలు. ఇంటికి వచ్చినప్పుడు కడుపునిండా నిద్ర పోతే ఇంకా మేలు.

2021 ఫిబ్రవరి 14న కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలంలో ఘోరం జరిగింది. అప్పటికి నంద్యాల ప్రాంతం కూడా కర్నూలు జిల్లాలోనే ఉండేది. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. మదనపల్లె నుంచి అజ్మీరుకు కొందరు చిన్న బస్సులో బయలుదేరారు. తెల్లవారుజామున ఆ బస్సు 44వ నంబరు రహదారి మీద నడిమి కట్ట దాటింది. ఎదురుగా వస్తున్న లారీని గుద్దింది. 14 మంది చనిపోయారు. లారీ తన దారిన తాను వస్తున్నది. తప్పు లేకపోయినా ఆ వేళ రోడ్డు మీద ఉన్న ప్రతి బండికీ గండమే.

మరి డ్రైవరు ఎన్ని గంటలు పని చేయాలి? మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో ఒక చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని అందులో రాశారు. వరుసగా 5 గంటలు నడిపాక కనీసం అర గంట విశ్రాంతి ఇవ్వాలి. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం కొత్త కార్మిక స్మృతిలో కలిసింది. రోజుకు 8 గంటలు అనే సూత్రం అందులోనూ ఉంది.

చట్టం ఇట్లా చెబుతుంది. రోడ్డు మీద వేరేగా జరుగుతుంది. "తెల్లారేసరికి లోడు చేరాల" అని ఫోను వస్తుంది. అందుకే తప్పంతా డ్రైవరు మీద వేయటం న్యాయం కాదు. కానీ పోయేది డ్రైవరు ప్రాణం. కాబట్టి డ్రైవర్లు నలుగురూ కలిసి ఓనర్లను అడగాలి. దూరపు లోడుకు ఇద్దరు డ్రైవర్లు కావాలని అడగాలి.

ఇంట్లో ఆడవాళ్లు చేయగలిగినవి కూడా ఉన్నాయి. డ్రైవరు ఇంటికి వస్తే మొదట నిద్రపోనివ్వాలి. సంత పని, పెండ్లి పిలుపు, అప్పుల మాట తరువాత. రాత్రంతా పెండ్లిలో మేలుకొని తెల్లవారి బండెక్కితే వద్దనాలి. ఫోను చేస్తే మొదటి మాట "బండి ఆపినావా?" అని ఉండాలి. నడుపుతున్నానంటే వెంటనే పెట్టేయాలి.

ఎండాకాలం లారీ ముందు భాగంలో కూర్చుంటే ఇంజను సెగ, బయట ఎండ. ఒళ్లు తొందరగా అలిసిపోతుంది. అందుకని కేంద్ర ప్రభుత్వం ఒక నియమం తెచ్చింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలలో డ్రైవరు కూర్చునే చోట ఏసీ ఉండాలి. పాత లారీలకు ఇది లేదు. పాత బండి తోలే వారికి నీళ్ల సీసా, తడి తువాలు, మధ్యాహ్నం చెట్టు కింద విశ్రాంతి – ఇవే దిక్కు.

ఎక్కువ బరువు – ఎక్కువ ముప్పు

లారీ పక్కన కొన్ని అంకెలు రాసి ఉంటాయి. అవి ఖాళీ బండి బరువు, లోడుతో కలిపి ఉండదగిన బరువు. చాలామంది వాటిని చూసీ చూడనట్లు పోతారు. ఆ అంకెలు చదవండి.

బరువు ఎక్కువైతే బ్రేకు వేసినా బండి వెంటనే ఆగదు. టైరు వేడెక్కుతుంది. పగులుతుంది. నంద్యాల నుంచి గిద్దలూరు పోవాలంటే నల్లమల ఘాటు దిగాలి. దిగుడులో బరువు లారీని వెనుక నుంచి నెడుతుంది. బ్రేకులు కాలతాయి. ఘాటులో చిన్న గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే.

ఎక్కువ బరువు వేస్తే కేంద్ర చట్టం ప్రకారం 20,000 రూపాయల జరిమానా. ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000 రూపాయలు. 3 టన్నులు ఎక్కువ వేస్తే ఎంత? 20,000కు 6,000 కలపాలి. మొత్తం 26,000 రూపాయలు. అదనపు కిరాయి ఓనరుకు. ముప్పు డ్రైవరుకు.

ఆగిన లారీ, రోడ్డు మీద కల్లం

నడిచే లారీ కంటే రాత్రిపూట ఆగిన లారీ ఒక్కోసారి ఎక్కువ ప్రమాదం. టైరు పగిలి రోడ్డు అంచున లారీ నిలబడి ఉంటుంది. వెనుక దీపం ఉండదు. బైకు మీద వచ్చేవాడికి అది కనిపించదు. దగ్గరికి వచ్చాక కనిపిస్తుంది. అప్పటికే ఆలస్యం.

అందుకని బండిని వీలైనంత వరకు రోడ్డు దించి ఆపాలి. దీపాలు మినుకు మినుకు మనేటట్లు పెట్టాలి. వెనుక కొంత దూరంలో ఎర్ర త్రికోణం పెట్టాలి. లారీ వెనుక అంటించే మెరిసే ఎర్ర పట్టీ మీద మట్టి ఉంటే తుడవాలి. కొందరు బండి చుట్టూ రాళ్లు పెడతారు. పోయేటప్పుడు తీయకుండా పోతారు. ఆ రాయి ఇంకొకరి ప్రాణం తీస్తుంది.

ఊరి వాళ్లు కూడా ఒక పని మానుకోవాలి. కోతల కాలంలో వడ్లు, జొన్నలు, మొక్కజొన్నలు రోడ్డు మీద ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పేరుస్తారు. సగం రోడ్డు కల్లమవుతుంది. మిగిలిన సగంలో లారీ, ఆటో, బైకు ఎదురెదురు పడతాయి. గింజల మీద బైకు జారుతుంది. కూలికి పోయే ఆడవాళ్లు ఆటోలో కిక్కిరిసి అదే దారిన వస్తారు. కల్లానికి రోడ్డు కాకుండా వేరే చోటు చూడాలి. చోటు లేకపోతే పంచాయతీని అడగాలి.

ప్రమాదం జరిగితే మొదటి గంట

ఎంత జాగ్రత్తగా ఉన్నా ప్రమాదం జరగవచ్చు. అప్పుడు ఏం చేయాలి?

మూడు నంబర్లు గుర్తు పెట్టుకోవాలి.

108 – అంబులెన్సు.
112 – పోలీసు, ఏ ఆపదకైనా.
1033 – జాతీయ రహదారి మీద సహాయం.

దెబ్బ తగిలిన మనిషికి మొదటి గంట చాలా విలువైనది. ఆ గంటలో ఆస్పత్రికి చేరితే చాలామంది బతుకుతారు. "ముట్టుకుంటే కేసు అవుతుంది" అని భయపడేవారు ఉన్నారు. 2019 సవరణ ఆ భయం తీసేసింది. మంచి మనసుతో సాయం చేసినవారి మీద కేసు ఉండదు. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు.

ఆస్పత్రి ఖర్చుకు కూడా దారి ఉంది. 2025 మే 5న కేంద్ర ప్రభుత్వం ఒక పథకం తెచ్చింది. రోడ్డు ప్రమాదంలో గాయపడిన వారికి 7 రోజుల వరకు, 1,50,000 రూపాయల వరకు డబ్బు కట్టకుండా వైద్యం చేయాలి. పథకంలో చేరిన ఆస్పత్రులలో ఇది దొరుకుతుంది. అంబులెన్సు వచ్చినప్పుడు ఆ ఆస్పత్రికి తీసుకుపొమ్మని అడగాలి.

డ్రైవరు పారిపోవాలా?

ఇది పెద్ద ప్రశ్న. ప్రమాదం జరిగితే జనం గుంపు కూడుతారు. తప్పు ఎవరిదైనా మొదట లారీ డ్రైవరును కొడతారు. ఆ భయంతో డ్రైవరు పారిపోతాడు. దెబ్బ తగిలినవాడు రోడ్డు మీద పడి ఉంటాడు. సాయం అందక చనిపోతాడు.

చట్టం ఏం చెబుతుంది? దెబ్బ తగిలిన మనిషికి వైద్యం అందేటట్లు డ్రైవరు చూడాలి. జనం కొడతారనే పరిస్థితి ఉంటే అక్కడ ఆగి ఉండనక్కర లేదు. కానీ దగ్గరి పోలీసు స్టేషన్‌కు పోయి చెప్పాలి. ఎంత ఆలస్యమైనా 24 గంటలు దాటకూడదు. అంటే జనం నుంచి తప్పించుకోవటం నేరం కాదు. చట్టం నుంచి తప్పించుకోవటం నేరం.

2024 జనవరి 1, 2 తేదీలలో దేశంలో చాలాచోట్ల లారీ డ్రైవర్లు బండ్లు ఆపేశారు. పెట్రోలు బంకుల దగ్గర జనం బారులు తీరారు. ఎందుకు? కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షనులో ఒక భాగం ఉంది. నిర్లక్ష్యంగా నడిపి మనిషి మరణానికి కారణమై, పోలీసులకు చెప్పకుండా పారిపోతే 10 ఏండ్ల వరకు జైలు అని అందులో రాశారు. డ్రైవర్లు భయపడ్డారు. ప్రభుత్వం జనవరి 2న రవాణా సంఘంతో మాట్లాడింది. 2024 జూలై 1న కొత్త చట్టం అమలుకు వచ్చింది. ఆ ఒక్క భాగాన్ని మాత్రం అమలు చేయకుండా పక్కన ఉంచారు.

అంతమాత్రాన పారిపోవచ్చని కాదు. పాత నియమం అట్లాగే ఉంది. ఇంట్లో వాళ్లు డ్రైవరుకు చెప్పవలసిన మాట ఒకటే. "నీకు భయమైతే బండి దిగి నేరుగా స్టేషన్‌కు పో. అక్కడి నుంచి ఇంటికి ఫోను చెయ్యి. ఇంటికి మాత్రం పరుగెత్తి రావద్దు."

డ్రైవరుకే ఏదన్నా జరిగితే

ఈ మాట అనుకోవటానికే మనసు రాదు. కానీ తెలిసి ఉండాలి. తెలియక చాలా ఇండ్లు దెబ్బతిన్నాయి.

డ్రైవరు ఓనరు దగ్గర జీతానికి పని చేస్తాడు. పనిలో ఉండగా చనిపోతే ఓనరు పరిహారం ఇవ్వాలి. 1923 నుంచి దీనికి చట్టం ఉంది. 2025 నవంబరు 21 నుంచి అది సామాజిక భద్రతా స్మృతిలో కలిసింది. నెల జీతంలో సగం తీసుకోవాలి. దానిని వయసును బట్టి ఒక అంకెతో గుణించాలి. 35 ఏండ్ల వానికి ఆ అంకె 197.06. జీతం ఎంత ఉన్నా నెలకు 15,000 రూపాయల వరకే లెక్కలోకి తీసుకోవాలని 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం చెప్పింది.

ఆ లెక్కన చేద్దాం. జీతం 15,000. సగం 7,500. దానిని 197.06తో గుణిస్తే 14,77,950 రూపాయలు.

ఇప్పుడు ఓనరు "నేను ఇచ్చే జీతం 10,000 మాత్రమే" అన్నాడనుకోండి. సగం 5,000. గుణిస్తే 9,85,300 రూపాయలు. తేడా ఎంత? 4,92,650 రూపాయలు. జీతానికి రుజువు లేకపోతే ఒక కుటుంబం పోగొట్టుకునే డబ్బు అది.

రుజువు ఎట్లా వస్తుంది? జీతం బ్యాంకు ఖాతాలో పడితే అదే రుజువు. ఫోనులో పంపితే ఆ వివరం రుజువు. బత్తా ఇచ్చిన చీటీ, డ్రైవరు పేరున్న లోడు కాగితం, డీజిలు రసీదు – ఏవీ పారేయకూడదు. నోటు పుస్తకంలో ఇట్లా రాసుకోవాలి: ఏ తేదీన బయలుదేరినాడు, ఏ లోడు, ఏ ఊరికి, ఎంత ఇచ్చినారు. రోజుకు ఒక వరుస చాలు.

కొన్ని ఇండ్లలో లారీ సొంతం. ఓనరే డ్రైవరు. అట్లాంటి ఓనరు తన కోసం 15 లక్షల రూపాయల ప్రమాద బీమా తీసుకోవాలని 2018లో నియమం వచ్చింది. ఆ డబ్బు రావాలంటే ప్రమాదం నాటికి లైసెన్సు చెల్లుతూ ఉండాలి. లైసెన్సు మీది తేదీ చూడకపోతే ఒక్క రోజు తేడాతో 15 లక్షలు పోవచ్చు. కోడలు అత్తతో చెప్పిన మాట ఇదే.

తెల్ల కాగితం మీద సంతకం వద్దు

మనిషి పోయిన ఇంట్లో ఏడుపు ఆగక ముందే కొందరు వస్తారు. "ఖర్చులకు ఇది తీసుకో, ఇక్కడ ఒక వేలిముద్ర వెయ్యి" అంటారు. పెద్ద మనుషులు పక్కన కూర్చుంటారు. కొంచెం డబ్బు చేతిలో పెడతారు. ఆ కాగితంలో ఏముంది? "నాకు రావలసినదంతా ముట్టింది. ఇక కేసు లేదు" అని ఉండవచ్చు.

చదువు వచ్చిన ఆడమనిషి అప్పుడు ఒక్క మాట అనాలి. "చదివి చెబుతా. ఇంట్లో పెట్టి పోండి." అంతే. ఆ మాట అనే హక్కు ఆమెకు ఉంది.

మరణ పరిహారం ఓనరు నేరుగా చేతికి ఇచ్చి తీర్చుకునేది కాదు. దానిని కార్మిక శాఖ అధికారి దగ్గర జమ చేయాలి. హక్కు వదులుకున్నానని రాయించుకున్నా ఆ రాత చెల్లదు.

ఇంకో దారి కోర్టు. ఎదుటి బండి తప్పుతో చనిపోతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయవచ్చు. ప్రమాదం జరిగిన 6 నెలల లోపు వేయాలని 2019 సవరణలో రాశారు. కాబట్టి ఆలస్యం చేయకూడదు. కార్మిక శాఖ దారి, ట్రిబ్యునల్ దారి – రెండూ ఉంటే ఒకటే ఎంచుకోవాలి. ఏది మేలో వకీలును అడగాలి. గుద్దిన బండి ఏదో తెలియకపోతే కూడా పరిహారం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2,00,000 రూపాయలు, పెద్ద గాయానికి 50,000 రూపాయలు ఇస్తారు.

వకీలుకు డబ్బు లేదా? ఆడవారికి న్యాయ సహాయం ఉచితం. ఆస్తి ఎంత ఉందని అడగరు. 1987 చట్టం ఈ హక్కు ఇచ్చింది. ఫోను నంబరు 15100.

20 రూపాయల బీమా

బ్యాంకులో గాని పోస్టాఫీసులో గాని ఖాతా ఉన్నవారు ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరవచ్చు. వయసు 18 నుంచి 70 వరకు. 2022 జూన్ 1 నుంచి ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే ఇంటికి 2,00,000 రూపాయలు వస్తాయి. ఏటా జూన్ 1 నుంచి మరుసటి మే 31 వరకు లెక్క. మే నెలలో ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. 20 రూపాయలు లేక 2,00,000 పోగొట్టుకోవద్దు. డ్రైవరే కాదు, ఆటోలో కూలికి పోయే ఆడవాళ్లు కూడా చేరాలి.

గోడ మీద రాయండి

లైసెన్సు గడువు: ............
బండి నంబరు: ............
ఓనరు పేరు, ఫోను: ............
ఇన్సూరెన్సు గడువు: ............
ఎఫ్.సి. గడువు: ............
మన పోలీసు స్టేషన్ ఫోను: ............
108 – 112 – 1033 – 15100

ఈ వివరాలు క్యాలెండరు పక్కన అంటించండి. గడువుకు రెండు నెలల ముందు తేదీ చుట్టూ ఎర్ర గీత గీయండి.

లెక్క చేయండి

1. లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. 6 సెకండ్లలో ఎన్ని మీటర్లు పోతుంది?
2. 5 టన్నులు ఎక్కువ వేసిన లారీకి జరిమానా ఎంత?
3. ఇంట్లో నలుగురు సురక్షా బీమా కడితే ఏడాదికి ఎంత?

మాట్లాడుకోండి

1. మన ఊళ్లో ఎంతమంది డ్రైవర్లు, కిలీనర్లు ఉన్నారు? వారి లైసెన్సు గడువు ఇంట్లో ఎవరికి తెలుసు?
2. మన ఊరి దగ్గర రోడ్డు మీద ప్రమాదాలు ఎక్కువగా ఎక్కడ జరుగుతున్నాయి? అక్కడ దీపం కావాలా? వేగం తగ్గించే కట్ట కావాలా? పంచాయతీకి అర్జీ ఎట్లా రాయాలి?
3. రాత్రంతా బండి నడపమని ఓనరు అంటే డ్రైవరు ఏమనాలి? ఒక్కడే అంటే ఏమవుతుంది? పదిమంది కలిసి అంటే ఏమవుతుంది?
4. సంతకం పెట్టే ముందు కాగితం చదివి చెప్పమని మిమ్మల్ని ఎవరైనా అడిగారా? మీ వీధిలో చదువు రానివారికి ఈ వారం ఒక కాగితం చదివి పెట్టండి.